‘సైకో-పాస్’ యానిమే: పూర్వశ్రేణి ప్రశ్న, ఉత్తరశ్రేణి పొడుపుకథ

వ్యాససంగ్రహం:

జపాన్ టెలివిజన్ యానిమే ‘సైకో-పాస్’ మొదటి శ్రేణి 2012-13లోను, రెండవ శ్రేణి 2014లోను ప్రసారమయ్యాయి. మొదటిదానితో పోలిస్తే రెండవది బలహీనమన్న అభిప్రాయం ప్రేక్షకులలో విస్తృతంగా ఉంది. రచయిత మారడం, నిర్మాణసంస్థ మారడం, ఎపిసోడ్ల సంఖ్య సగానికి తగ్గడం దీనికి కారణాలని సాధారణంగా చెబుతారు. ఇవి వాస్తవాలే కాని, వైఫల్యాన్ని పూర్తిగా వివరించలేవు. పూర్వశ్రేణి యంత్రం చేతిలో తీర్పును పెట్టి నిశ్చింతగా జీవించే పౌరుణ్ణి ప్రశ్నించింది. ఉత్తరశ్రేణి ఆ ప్రశ్నను యంత్రంలోని తార్కికలోపానికి సంబంధించిన పొడుపుకథగా మార్చి, పౌరుణ్ణి బాధ్యత నుంచి విముక్తుణ్ణి చేసింది. ఈ మార్పే వైఫల్యానికి మూలమని సన్నివేశాల తులన ద్వారా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యానిమే, సైకో-పాస్, ఉత్తరకథ, ఔచిత్యం, నేరగుణకం, పౌరబాధ్యత, ప్రతినాయకుడు.

1. ఉపోద్ఘాతం:

ఒక కథ ముగిసిన తరువాత దానిని కొనసాగించే రచనకు రెండు మార్గాలుంటాయి. మొదటి కథ ముగింపులో మిగిలిన ప్రశ్నను మరింత లోతుకు తీసుకుపోవడం ఒకటి. మొదటి కథలోని పాత్రలను, పరికరాలను, వాతావరణాన్ని తీసుకొని కొత్త సంఘటనలను అల్లడం రెండవది. మొదటి మార్గానికి మన సాహిత్యంలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఉత్తరరామాయణకథ. పట్టాభిషేకంతో ముగిసిందనుకున్న కథను అది మళ్ళీ తెరిచి, ఆదర్శరాజ్యానికి సీత చెల్లించిన మూల్యమెంతో అడిగింది. జనాపవాదాన్ని కథకు కేంద్రంలో నిలిపి, ప్రజలను కూడా ప్రశ్నకు లోను చేసింది. భవభూతి మొదలు తిక్కన వరకు మహాకవులు ఆ కథను మళ్ళీమళ్ళీ చేపట్టడానికి ఆ ప్రశ్న తీవ్రత ఒక కారణమని భావించవచ్చు.

ఉత్తరకథను పూర్వకథతో పోల్చేటప్పుడు ‘అంత బాగా లేదు’ అని ఊరుకోవడం విమర్శ కాదు. పూర్వకథ లేవనెత్తిన ప్రశ్న ఏమిటో, ఉత్తరకథ దానిని ఏం చేసిందో చూపాలి. ‘సైకో-పాస్’ రెండు శ్రేణులను ఈ వ్యాసం ఆ దృష్టితో పరిశీలిస్తుంది. పాత్రల పేర్లను, కళాకారుల పేర్లను జపనీయుల పద్ధతిలో ఇంటిపేరు ముందుగా ఇవ్వడం జరిగింది. అది తెలుగువారికీ అలవాటైన పద్ధతే.

2. కథాప్రపంచం – నిర్మాణవివరాలు:

కథాకాలం ఇరవై రెండవ శతాబ్ది ఆరంభం. జపాన్‌ను ‘సిబిల్’ అనే వ్యవస్థ పాలిస్తూ ఉంటుంది. అది ప్రతి పౌరుని మానసికస్థితిని నిరంతరం కొలిచి, దానిని ఒక వర్ణంగాను, ఒక సంఖ్యగాను చూపుతుంది. నేరం చేయగల స్వభావాన్ని సూచించే ఆ సంఖ్యను ఈ వ్యాసంలో ‘నేరగుణకం’ అని వ్యవహరిస్తున్నాం. గుణకం 100 దాటితే ఆ వ్యక్తి ఏ నేరమూ చేయకపోయినా గుప్తనేరస్థుడు. 300 దాటితే మరణార్హుడు. పోలీసుల చేతిలో ఉండే ‘డామినేటర్’ అనే ఆయుధం ఎదుటివారి గుణకాన్ని చదివి, కాల్చవచ్చో లేదో తానే నిర్ణయిస్తుంది. మీట నొక్కే వేలు మాత్రమే మనిషిది. ఇన్‌స్పెక్టర్ల కింద పనిచేసే ఎన్‌ఫోర్సర్లు స్వయంగా గుప్తనేరస్థులే.

పూర్వశ్రేణి 22 ఎపిసోడ్లు. ప్రొడక్షన్ ఐ.జి నిర్మించగా, 2012 అక్టోబరు నుంచి 2013 మార్చి వరకు ఫుజి టెలివిజన్‌లో ప్రసారమైంది. మొతొహిరో కత్సుయుకి ప్రధాన దర్శకుడు, షియోతాని నవొయొషి దర్శకుడు. కథారూపకల్పన ఉరొబుచి గెన్‌ది. ఉత్తరశ్రేణి 11 ఎపిసోడ్లు. తత్సునోకో ప్రొడక్షన్ నిర్మించగా 2014 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ప్రసారమైంది. ఇందులో కథాసంవిధాన బాధ్యత ఉబుకతా తో చేతికి వచ్చింది. షియోతాని మాత్రం దర్శకత్వంలో కొనసాగాడు.

3. పూర్వశ్రేణి: బోనులో పౌరుడు

పూర్వశ్రేణి మొదటి ఎపిసోడ్‌లోనే కథ తన ప్రశ్నను స్పష్టంగా ముందుంచుతుంది. త్సునెమోరి అకానె ఉద్యోగంలో చేరిన తొలిరోజు. ఒక దుండగుడు ఒక యువతిని బందీగా పట్టుకొని హింసిస్తాడు. ఎన్‌ఫోర్సర్ కోగామి షిన్యా అతణ్ణి అంతం చేస్తాడు. అయితే అనుభవించిన భయం వల్ల ఆ యువతి గుణకం కూడా పెరిగిపోతుంది. డామినేటర్ దృష్టిలో బాధితురాలే ఇప్పుడు మరణార్హురాలు. కోగామి ఆమెపై గురిపెడతాడు. అకానె తన ఆయుధంతో కోగామినే స్తంభింపజేసి, ఆ యువతితో మాట్లాడి, ఆమెను శాంతింపజేస్తుంది. గుణకం తగ్గుతుంది, ప్రాణం దక్కుతుంది. మనిషి మాట సంఖ్యను మార్చగలదన్న విశ్వాసం, మాట్లాడే ఓపిక ఎవరికీ లేకపోతే సంఖ్యే తీర్పు అవుతుందన్న హెచ్చరిక ఈ సన్నివేశంలో కలిసే ఉన్నాయి.

ఈ శ్రేణిలో అత్యంత భయంకరమైన దృశ్యం పద్నాలుగవ ఎపిసోడ్‌లో వస్తుంది. చుట్టూ ఉన్నవారి మానసికస్థితిని అనుకరించి, ధరించినవాని గుణకాన్ని దాచే శిరస్త్రాణం ఒకటి నేరస్థుల చేతికి అందుతుంది. అది ధరించిన ఒక వ్యక్తి పట్టపగలు నడివీధిలో ఒక స్త్రీని సుత్తితో కొట్టి చంపుతాడు. చుట్టూ జనం నిలబడి చూస్తూ ఉంటారు. వారు క్రూరులు కారు, పిరికివారని కూడా చెప్పలేం. తాము చూస్తున్నది హత్య అని గుర్తించే శక్తి వారిలో నశించింది. యంత్రం హెచ్చరించలేదు కనుక అక్కడ ప్రమాదం లేదు. తీర్పును యంత్రానికి అప్పగించిన సమాజం తీర్పు చెప్పే శక్తితోపాటు చూసే శక్తిని కూడా పోగొట్టుకుంటుందన్న విషయాన్ని ఒక్క సంభాషణ కూడా అవసరం లేకుండా ఈ దృశ్యం నిరూపించింది.

సిబిల్ వ్యవస్థ నిజస్వరూపం తెలిసిన తరువాత ఈ ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. ఎంత క్రౌర్యానికి పాల్పడినా గుణకం పెరగని అరుదైన వ్యక్తుల మెదళ్ళను కలిపి నిర్మించిన వ్యవస్థ అది. నేరస్థుల సమూహమే దేశానికి న్యాయమూర్తి. ఈ రహస్యం తెలిసిన అకానె వ్యవస్థను అసహ్యించుకుంటుంది, కాని కూల్చదు. దానిపైనే ఆధారపడి బతుకుతున్న కోట్లమంది ఏమవుతారన్న ప్రశ్నకు ఆమె దగ్గర సమాధానం లేదు. చట్టానికి విలువ దానిని కాపాడుకోవాలన్న మనుషుల ఆకాంక్ష వల్లనే వస్తుందని నమ్మి, ప్రజలే ఒకనాడు మేలుకుంటారన్న ఆశతో ఆమె ఆ వ్యవస్థలోనే ఉద్యోగం కొనసాగిస్తుంది. కథ తీరని రుణంతో ముగుస్తుంది. ఆ రుణం పౌరులది, వారి ద్వారా ప్రేక్షకునిది.

4. ఉత్తరశ్రేణి: బోనులో యంత్రం

ఉత్తరశ్రేణి ప్రతినాయకుడు కాముయి కిరిటో. బాల్యంలో జరిగిన విమానప్రమాదంలో మిగిలిన ఒకే ఒక్కడు. మరణించిన 184 మంది పిల్లల శరీరభాగాలతో వైద్యులు అతణ్ణి బతికించారు. అతడు ఒక వ్యక్తి కాదు, సమూహం. కనుక వ్యక్తులను మాత్రమే కొలిచే సిబిల్ కంటికి అతడు కనిపించడు. ఘటనాస్థలాల్లో మిగిలే ‘డబ్ల్యూ.సి?’ అన్న అక్షరాలకు ‘ఏ రంగు?’ అని అర్థం. అందరి రంగూ చెప్పే వ్యవస్థ రంగు ఏమిటన్నది అతని ప్రశ్న. సిబిల్ కూడా సమూహమే కదా. సమూహాన్ని కొలవగలిగితే అది ముందుగా తననే కొలుచుకోవాలి. కొలవలేనంటే దాని సర్వజ్ఞత అబద్ధమవుతుంది.

ఆలోచనగా ఇది చమత్కారమైనదే. సర్వశక్తిమంతుడు తాను ఎత్తలేని బరువును సృష్టించగలడా అన్న పాత తర్కసమస్యకు ఇది యంత్రరూపం. అయితే ఈ చమత్కారమే కథను దారి తప్పించింది. పొడుపుకథకు విప్పు ఉంటుంది, విప్పగానే అది ముగిసిపోతుంది. చివరి ఎపిసోడ్‌లో సరిగ్గా అదే జరిగింది. సిబిల్ సమూహాన్ని కొలవడానికి అంగీకరించి, తనలో గుణకం పెంచుతున్న మెదళ్ళను తానే తొలగించుకొని శుద్ధి పొందుతుంది. ఆ కొత్త కొలతకు కాముయి కూడా లొంగి మరణిస్తాడు. వ్యవస్థ మరింత సమర్థంగా మారి కొనసాగుతుంది.

ఈ క్రమంలో పౌరుని స్థానం ఏమిటి? వీధిలో హత్యను చూస్తూ నిలబడిన ఆ మనిషికి, శుద్ధి పొందిన సిబిల్‌కు మధ్య సంబంధం ఏమైనా మారిందా? ఉత్తరశ్రేణి ఈ ప్రశ్న అడగదు. లోపం యంత్రంలో ఉంది, యంత్రమే సరిచేసుకుంది. వ్యవస్థ నిర్దోషి అయితే దానికి తలవంచడం తప్పు కాదన్న అభిప్రాయానికి ఈ ముగింపు తెలియకుండానే చోటిచ్చింది. పూర్వశ్రేణి వాదన దీనికి పూర్తిగా విరుద్ధం. సిబిల్ నిర్దోషి అయినా సరే, తీర్పును అప్పగించడమే దోషమన్నది దాని సారాంశం. ఇక వ్యక్తిగా నిర్దోషి అయినవాడు సమూహంలో భాగంగా దోషి కావచ్చునన్న భయంకరమైన అవకాశం ఈ ముగింపులోనే దాగి ఉంది. నిజమైన ఉత్తరకథ అక్కడ మొదలు కావలసింది. శ్రేణి అక్కడికి వచ్చి ఆగిపోయింది.

5. రెండు బందీ సన్నివేశాల తులన:

రెండు శ్రేణుల భేదం ఒకే విధమైన సంఘటనను అవి చిత్రించిన తీరులో స్పష్టమవుతుంది. ఉత్తరశ్రేణి నాలుగవ ఎపిసోడ్‌లో మానసికచికిత్సా కేంద్రంలో ఉన్నవారు బందీలవుతారు. భయంతో వారి గుణకాలు పెరుగుతాయి. రక్షించడానికి వచ్చిన డామినేటర్లే వారిని హతమారుస్తాయి. మొదటి శ్రేణిలోని బందీ యువతి పరిస్థితే ఇది, కాని సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది.

సంఖ్య పెరిగినకొద్దీ ప్రభావం పెరగలేదు. మొదటి సన్నివేశంలో ఆ యువతి ముఖం కనిపిస్తుంది, ఆమె వణుకు తెలుస్తుంది, అకానె ఆమెతో మాట్లాడే క్షణాలు దీర్ఘంగా సాగుతాయి. రెండవదానిలో శరీరాలు వరుసగా ఛిద్రమవుతాయి. ఒక్కరితోనైనా మనకు పరిచయం ఏర్పడదు. కరుణకు ఆలంబనం కావలసినవారు బీభత్సానికి ఉద్దీపనలుగా మిగిలిపోయారు. రసానికి ఔచిత్యమే ప్రాణమన్న క్షేమేంద్రుని సిద్ధాంతాన్ని ఇక్కడ అన్వయించవచ్చు. బీభత్సం దోషం కాదు. కరుణకు అంగంగా ఉండవలసిన బీభత్సం అంగి కావడమే అనౌచిత్యం.

ఉత్తరశ్రేణి పౌరబాధ్యతకు అత్యంత సమీపంగా వచ్చిన ఘట్టం కూడా ఒకటుంది. జనం వినోదం కోసం ఆడుతున్న ఒక ఆట, వారికి తెలియకుండానే, దూరంగా ఉన్న ఆయుధయంత్రాలను నడిపి నిజమైన మనుషులను చంపుతుంది. వేలితో తాకుతున్నది బొమ్మను, కూలుతున్నది ప్రాణం. ఆలోచింపజేసే భావన ఇది. కాని ఆ ఆటగాళ్ళకు తాము చేస్తున్నది తెలియదు. వారు మోసపోయినవారు మాత్రమే. వీధిలో నిలబడినవారు కళ్ళ ముందున్నదాన్ని చూసి కూడా గుర్తించలేదు, ఆటగాళ్ళకు అసలు చూసే అవకాశమే లేదు. అజ్ఞానం వల్ల జరిగిన అపరాధం ప్రేక్షకునికి జాలి కలిగిస్తుంది, సిగ్గు కలిగించదు. పూర్వశ్రేణి కలిగించినది సిగ్గు.

6. ప్రతినాయకులు: సంకల్పం – శరీరధర్మం

పూర్వశ్రేణి ప్రతినాయకుడు మకిషిమా షోగో గుణకం పెరగని స్వభావం గలవాడు. పదకొండవ ఎపిసోడ్‌లో అతడు అకానె స్నేహితురాలిని ఆమె కళ్ళ ముందే చంపుతాడు. హత్యకు సిద్ధపడుతున్నకొద్దీ అతని గుణకం తగ్గుతూ ఉంటుంది. డామినేటర్ అతణ్ణి కాల్చనివ్వదు. అతడు విసిరిన వేటతుపాకి అకానె చేతిలోనే ఉంటుంది. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కాని యంత్రం నిర్ణయించని చోట తాను నిర్ణయించడం ఆమెకు అలవాటు లేదు. గురి తప్పుతుంది, స్నేహితురాలు మరణిస్తుంది. ఈ దృశ్యంలో మకిషిమాతోపాటు అకానె కూడా పరీక్షకు గురైంది.

మకిషిమాకు సిబిల్‌లో చేరే అవకాశం వస్తుంది, అతడు నిరాకరిస్తాడు. తీర్పు చెప్పేవాడిగా ఉండడం కన్నా ఆటలో ఒకడిగా ఉండడమే అతనికి ఇష్టం. అతడు దుర్మార్గుడు, కాని అతని ప్రతి చర్య వెనుక ఎంపిక ఉంది. కాముయి విషయంలో ఎంపిక కన్నా పుట్టుపూర్వోత్తరాలకే ప్రాధాన్యం. అతడు కనిపించకపోవడానికి కారణం శస్త్రచికిత్స. అతని ఆగ్రహానికి కారణం ప్రమాదం. వైద్యనివేదిక పూర్తి కాగానే పాత్ర కూడా పూర్తయింది. ఎన్‌ఫోర్సర్ తోగానె సకుయా చిత్రణ కూడా ఇంతే. అత్యధిక నేరగుణకం గల వ్యక్తిగా పరిచయమై, చివరకు తల్లి చేసిన ప్రయోగఫలితంగా వివరించబడతాడు. కారణం తెలిస్తే పాత్ర అర్థమైనట్టేనని రచన భావించింది. మనిషిని సంఖ్యకు కుదించడం సిబిల్ దోషమైతే, మనిషిని కారణానికి కుదించడం ఈ రచన దోషం.

7. అకానె, మిక: వినియోగం కాని అవకాశం

పూర్వశ్రేణిలో అకానె మారుతుంది. తుపాకి పేల్చలేని అమాయకురాలు చివరకు సిబిల్‌తో షరతులు మాట్లాడగల అధికారిణి అవుతుంది. ఉత్తరశ్రేణిలో ఆమె ఎక్కడ మొదలైందో అక్కడే నిలుస్తుంది. నాయనమ్మ హత్య కూడా ఆమె వర్ణాన్ని మసకబారనివ్వదు. ఈ స్థిరత్వం ప్రశంసనీయంగా ఉంది, నాటకీయంగా లేదు. దూరమైన కోగామిని ఆమె ఊహలో నిలుపుకొని సంభాషించడం, అతని సిగరెట్టు వాసనను గదిలో నింపుకోవడం పూర్వశ్రేణి జ్ఞాపకంపై ఆధారపడిన దృశ్యాలు. కొత్త అనుభవాన్ని నిర్మించే బదులు అవి పాత అనుభవాన్ని అరువు తెచ్చుకున్నాయి.

నిజమైన ఉత్తరకథకు బీజం షిమొత్సుకి మిక పాత్రలో ఉంది. పూర్వశ్రేణి చివరి ఎపిసోడ్‌లో ఆమె కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్‌గా కనిపిస్తుంది. ఉత్తరశ్రేణిలో ఆమెకు కూడా సిబిల్ రహస్యం తెలుస్తుంది. అకానె అసహ్యించుకొని భరించిన సత్యాన్ని మిక ప్రశంసించి స్వీకరిస్తుంది. భయం వల్ల, సుఖం వల్ల, నియమాలను పాటించేవారికి సహజమైన ఆత్మతృప్తి వల్ల ఆమె వ్యవస్థ పక్షాన నిలుస్తుంది. వీధిలో నిలబడి చూసిన ఆ పౌరుడే ఇప్పుడు అధికారంలోకి వచ్చాడన్న మాట. మేలుకుంటారని అకానె ఆశించిన ప్రజలు సత్యం తెలిసిన తరువాత కూడా నిద్రనే కోరుకుంటే ఏమవుతుంది? పూర్వశ్రేణి ముగింపును సవాలు చేయగల ప్రశ్న ఇదొక్కటే. రచన మాత్రం మికను ఎక్కువగా చిరాకు కలిగించే పాత్రగా, అకానె ఔన్నత్యాన్ని చూపడానికి ఎదురుబొమ్మగా వాడుకుంది. ప్రేక్షకుడు ఆమెను ద్వేషించి తృప్తిపడతాడు, తనను ఆమెలో చూసుకోవలసిన అవసరం అతనికి కలగదు.

8. పూర్వపక్షాలు – సమాధానాలు:

పదకొండు ఎపిసోడ్లలో ఇంతకన్నా సాధ్యం కాదన్నది మొదటి వాదన. పూర్వశ్రేణి మొదటి పదకొండు ఎపిసోడ్లు వేటతుపాకి దృశ్యంతో పూర్తవుతాయని గమనిస్తే ఈ వాదన నిలవదు. అంతే నిడివిలో ఆ శ్రేణి లోకాన్ని, పాత్రలను, ప్రశ్నను నిలబెట్టి, ప్రేక్షకుణ్ణి సంకటంలో పెట్టగలిగింది.

రచయిత మారడమే కారణమన్నది రెండవ వాదన. చేయి మారితే రుచి మారుతుందన్నది నిజమే. కాని ఇది ఎవరు చేశారో చెబుతుంది, ఏమి జరిగిందో చెప్పదు. కొత్త రచయిత మిక పాత్రను కేంద్రంగా తీసుకొని ఉంటే ఇదే బృందం, ఇదే నిడివి భిన్నమైన ఫలితాన్ని ఇచ్చి ఉండేవి.

పూర్వశ్రేణి కూడా నిర్దోషం కాదన్నది మూడవ వాదన. దీనిని అంగీకరించాలి. షేక్స్‌పియర్, ఆర్వెల్, ఫిలిప్ కె. డిక్ వంటి రచయితల ప్రస్తావనలు కొన్నిచోట్ల అలంకారప్రాయంగా మిగిలాయి. బాలికల పాఠశాల ఘట్టంలో స్త్రీశరీరాలపై హింస ప్రదర్శనగా మారే ప్రమాదం ఉంది. అయినా ఆ లోపాలు ప్రధానప్రశ్నను కప్పివేయలేదు. ఉత్తరశ్రేణిలో అటువంటి లోపాలే ప్రశ్న స్థానాన్ని ఆక్రమించాయి.

9. ముగింపు:

మనుషుల యోగ్యతను సంఖ్యలతో నిర్ణయించే పద్ధతులు నేడు కల్పితకథలకు పరిమితం కావు. అప్పు ఇవ్వాలా వద్దా అని క్రెడిట్ స్కోరు చూసి తేల్చే కాలంలో ఉన్నాం. ‘యంత్రం సరిగ్గా లెక్కిస్తున్నదా?’ అన్న ప్రశ్న అవసరమైనదే. అయితే దానికి ముందు అడగవలసినది ‘లెక్క సరైనదైనా, తీర్పు చెప్పవలసిన బాధ్యత ఎవరిది?’ అన్నది. పూర్వశ్రేణి రెండవ ప్రశ్నను అడిగింది, ఉత్తరశ్రేణి మొదటిదానితో తృప్తిపడింది. ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. పూర్వశ్రేణి బలం వ్యవస్థ రహస్యంలో కాక, ఆ వ్యవస్థను కోరుకున్న పౌరుని చిత్రణలో ఉంది.
2. ఉత్తరశ్రేణి కేంద్రసమస్య తార్కికమైనది కనుక పరిష్కారంతోనే ముగిసిపోయింది. ప్రేక్షకునితో మిగిలే శేషం లేదు.
3. బాధితుల సంఖ్య పెంచడం వల్ల కరుణ పెరగలేదు. వ్యక్తి స్థానంలో గుంపు రావడం వల్ల బీభత్సమే అంగిగా మారింది.
4. ప్రతినాయకుని సంకల్పం స్థానంలో శరీరధర్మం రావడం వల్ల నైతికసంఘర్షణ బలహీనపడింది.
5. మిక పాత్రలో నిజమైన ఉత్తరకథకు బీజమున్నా, రచన దానిని పెంచలేదు.

వీధిలో ఆ స్త్రీ మరణిస్తున్నప్పుడు చుట్టూ నిలబడినవారిలో తానూ ఒకణ్ణి కావచ్చునన్న అనుమానంతో పూర్వశ్రేణి ప్రేక్షకుడు లేచి వెళ్తాడు. ఉత్తరశ్రేణి ప్రేక్షకునికి ఆ అనుమానం రాదు. కాముయి యంత్రాన్ని మాత్రమే ‘నీ రంగు ఏమిటి?’ అని అడిగాడు. ఆ ప్రశ్నను ప్రేక్షకుని వైపు కూడా తిప్పి ఉంటే, ‘సైకో-పాస్’ ఉత్తరశ్రేణి ఉత్తరకథ అన్న పేరుకు తగినదయ్యేది.